మడ అడవికి ముందు మొలిచే గడ్డి
(పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం)



మొక్కలు నాటడం అనగానే మనకు గుర్తొచ్చేది చెట్టు. వనమహోత్సవం రోజున వేప, కానుగ, బాదం మొక్కలు తెచ్చి నాటుతాం. గడ్డి మొక్క నాటుదాం రండి అని ఎవరూ పిలవరు. గడ్డి అంటే పీకి పారేసేది, లేకపోతే పశువులకు వేసేది అని మన ఉద్దేశం. కానీ గోదావరి సముద్రంలో కలిసే చోట సంగతి వేరు. అక్కడ ముందు గడ్డి మొలుస్తుంది. ఆ గడ్డి నిలదొక్కుకున్న తర్వాత చెట్టుకు చోటు దొరుకుతుంది. పైగా ఆ గడ్డి మనం రోజూ తినే వరికి చుట్టం. దాన్ని దాని సొంత చోటులోనే ఎలా పెంచవచ్చు, ఎందుకు పెంచాలి, ఎక్కడ పెంచకూడదు అనే మూడు విషయాలు మీకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

డెల్టా అంచున కొత్త నేల

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠ అనే రెండు పెద్ద పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది. వరదల కాలంలో ఈ పాయలు ఎర్రని ఒండ్రుమట్టిని సముద్రం దాకా మోసుకొస్తాయి. కొన్ని వేల ఏళ్లుగా ఆ మట్టి పేరుకునే మనం ఊడ్పులు ఊడ్చే చేలు, కొబ్బరితోటలు, మన ఊళ్లు ఏర్పడ్డాయి. అంటే మన కాళ్ల కింద ఉన్న నేల ఒకప్పుడు సముద్రపు అంచున బురద.

గౌతమి నుంచి కోరింగ, గాడేరు అనే పాయలు బయలుదేరి కాకినాడ అఖాతంలో కలుస్తాయి. ఈ పాయల మధ్య ఉన్నదే కోరింగ మడ అడవి. 1978లో 235.70 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. అప్పట్లో అదంతా తూర్పు గోదావరి జిల్లా. 2022లో జిల్లాలు విడదీసిన తర్వాత ఈ మడ అడవులు కాకినాడ, కోనసీమ జిల్లాల్లోకి వచ్చాయి. నల్లమడ, తెల్లమడ, తిల్ల, పొన్న వంటి చెట్లు ఇక్కడ ఉన్నాయి. బావురుపిల్లి, నీటికుక్క వంటి జంతువులకు ఇది ఇల్లు. రొయ్య పిల్లలు, చేప పిల్లలు, పీతలు ఈ చెట్ల వేళ్ల మధ్యే పెరుగుతాయి.

మడ చెట్లు ఉన్నంత మేర అందరూ అడవి అంటారు. ఆ చెట్లకు ముందు, నీటి వైపు, మెత్తని బురద మేటలు ఉంటాయి. పోటు వచ్చినప్పుడు అవి మునుగుతాయి. పాటు తీసినప్పుడు బయటపడతాయి. రోజుకు రెండుసార్లు ఇలా జరుగుతుంది. కాలు పెడితే మోకాలి దాకా దిగే ఆ బురదలో చెట్టు విత్తనం పడినా నిలవదు, మళ్లీ వచ్చే నీరు దాన్ని ఎత్తుకుపోతుంది. అలాంటి మేట మీద మొదట కాలు మోపే మొక్కల్లో మన గడ్డి ఒకటి.

ఏమిటీ గడ్డి?

దీని శాస్త్రీయ నామం ఒరైజా కోఆర్క్‌టేటా. మనం పండించే వరి ఒరైజా సటైవా. రెండింటికీ ఇంటిపేరు ఒక్కటే అని గమనించండి. రెండూ ఒకే ప్రజాతికి చెందినవి. మన సౌలభ్యం కోసం ఈ వ్యాసంలో దీన్ని 'మడ వరి' అని పిలుచుకుందాం.

దూరం నుంచి చూస్తే బాగా పిలకలు వేసిన వరి చేనులాగే ఉంటుంది. దగ్గరకు వెళ్లి ఆకు ముట్టుకుంటే తేడా తెలుస్తుంది. ఆకు దళసరిగా, బిరుసుగా ఉంటుంది. కంకి వేస్తుంది కాని, గింజలు తక్కువ. పండిన గింజ తొందరగా రాలిపోతుంది. మన వడ్ల మాదిరి ఎండబెట్టి గాదెలో పోసి, వచ్చే సార్వాకు విత్తనంగా వాడదామంటే కుదరదు. ఆ గింజ ఆరిపోతే మొలకెత్తే శక్తి పోతుంది. అందుకే ఈ మొక్క గింజ మీద పెద్దగా ఆధారపడదు. పసుపు, అల్లం లాగా నేలలో అడ్డంగా పాకే కొమ్ము దీనికి ఉంది. ఆ కొమ్ము బురదలో పాకుతూ కణుపు కణుపు దగ్గర వేళ్లు దించి, పిలకలు లేపుతూ మేటంతా కమ్ముకుంటుంది.

ఈ మొక్కకు పేరు పెట్టిన విలియం రాక్స్‌బర్గ్‌కు మన ప్రాంతంతో సంబంధం ఉంది. ఈస్టిండియా కంపెనీలో వైద్యుడిగా వచ్చిన ఆయన 1780లలో సామర్లకోటలో ఉండి తోట పెంచి, ఈ తీరపు మొక్కలను అధ్యయనం చేశాడు. 1793లో కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానవనానికి అధిపతిగా వెళ్లాడు. భారతదేశపు వృక్షశాస్త్రానికి పితామహుడని ఆయన్ని అంటారు. మడ వరి వర్ణన ఆయన చనిపోయిన తర్వాత, 1832లో అచ్చయిన 'ఫ్లోరా ఇండికా'లో ఉంది. 1965లో టటియోకా అనే జపాన్ శాస్త్రవేత్త దీన్ని వరి నుంచి వేరుచేసి, పోర్టెరెసియా అనే కొత్త ప్రజాతిలో పెట్టాడు. జన్యువులను పరిశీలించాక మళ్లీ వరి ప్రజాతిలోకే తెచ్చారు. పాత పుస్తకాల్లో పోర్టెరెసియా కోఆర్క్‌టేటా అని కనిపిస్తే అది ఈ మొక్కే అని పరీక్షలకు చదివే తమ్ముళ్లు గుర్తుపెట్టుకోవాలి.

భారత్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, మయన్మార్ దేశాల నదీముఖాల్లో ఇది సహజంగా పెరుగుతుంది. మన గోదావరి, కృష్ణా ముఖద్వారాలకు ఇది ఎవరో తెచ్చి పెట్టిన మొక్క కాదు.

ఉప్పును ఎలా తట్టుకుంటుంది?

మన రైతులకు చౌడు అంటే తెలుసు. నేలలో ఉప్పును విద్యుత్ వాహకత అనే లెక్కతో కొలుస్తారు. దీన్ని భూసార పరీక్ష కార్డులో ఇ.సి. అని రాస్తారు. ఇ.సి. మీటరుకు 3 డెసిసీమెన్స్ దాటితే వరి దిగుబడి పడిపోవడం మొదలవుతుంది. ఆపైన ఒక్కో అంకె పెరిగే కొద్దీ సుమారు 12 శాతం చొప్పున తగ్గుతుంది. సముద్రపు నీటి ఇ.సి. సుమారు 50. మడ వరి 20 నుంచి 40 దాకా ఉన్న చోట కూడా బతుకుతుంది.

దీనికి రెండు కారణాలు ముఖ్యం. మొదటిది, దాని ఆకు మీద కంటికి కనిపించని చిన్న చిన్న నూగు ఉంటుంది. ఆ నూగులోని గ్రంథులు లోపలికి వచ్చిన ఉప్పును బయటికి తోసేస్తాయి. ఎండవేళ ఆకు మీద ఉప్పు మెరుస్తుంది. మళ్లీ పోటు వచ్చి దాన్ని కడిగేస్తుంది. రెండోది, మొక్క లోపల సోడియం ఎంత, పొటాషియం ఎంత అనే తూకాన్ని ఇది జాగ్రత్తగా కాపాడుకుంటుంది. మామూలు వరిలో ఉప్పు ఎక్కువైతే సోడియం పెరిగి, ఆకులు కొసల నుంచి ఎండుతాయి. మడ వరి ఆకుల్లో సోడియం ఆ స్థాయికి పేరుకోదు.

గడ్డి మేటకు చేసే మేలు

మేట మీద గడ్డి లేచాక మూడు పనులు జరుగుతాయి.

ఒకటి, నీటి వేగం తగ్గుతుంది. పోటు నీరు గడ్డి కాడల మధ్య నుంచి వచ్చేటప్పుడు నెమ్మదిస్తుంది. నెమ్మదించిన నీరు తనలోని మట్టిని కిందికి వదిలేస్తుంది. అలా పొరలు పొరలుగా మేట ఎత్తు పెరుగుతుంది.

రెండు, నేల గట్టిపడుతుంది. కొమ్ములు, వేళ్లు వల అల్లినట్టు అల్లుకుని బురదను పట్టుకుంటాయి. ఆకులు రాలి కుళ్లి, నేలలో సేంద్రియ పదార్థం పెరుగుతుంది. వేళ్ల చుట్టూ సూక్ష్మజీవులు చేరతాయి.

మూడు, మడ విత్తనాలకు ఆసరా దొరుకుతుంది. మడ చెట్ల విత్తనాలు నీటి మీద తేలుతూ వస్తాయి. ఒట్టి బురద మీద అయితే మరుసటి పోటుకు కొట్టుకుపోతాయి. గడ్డిలో చిక్కుకుంటే అక్కడే ఆగి వేరు దించుతాయి. కొన్నేళ్లకు మడ చెట్లు ఎదిగి నీడ కమ్ముకుంటే ఆ గడ్డి అక్కడ పలచబడిపోతుంది. అప్పటికి ముందున్న కొత్త మేట మీదికి సాగిపోతుంది. వృక్షశాస్త్రంలో దీన్నే అనుక్రమం అంటారు, ఇంటర్ బోటనీ చదివేవారికి తెలిసిన పాఠమే.

మడ వరికి తోడుగా మన వైపు మరో గడ్డి ఉంది, అదే దబ్బ గడ్డి. శాస్త్రీయ నామం మిరియోస్టాకియా వైటియానా. ఇది ఇంకా ఎత్తుగా, దుబ్బుగా పెరుగుతుంది. మడ వరి రోజూ మునిగే మేట మీద ఉంటే, దబ్బ గడ్డి కాలువ గట్ల అంచున ఉంటుంది. గట్టు జారిపోకుండా పట్టుకోవడం దీని పని. మడ అడవుల పక్క ఊళ్లవారు దీన్ని ఇళ్ల కప్పుకు, పశువుల మేతకు, తాళ్లు పేనడానికి వాడుతూ వచ్చారు. పెద్దవాళ్లను అడిగితే దీని సంగతి మనకంటే బాగా చెబుతారు.

ఇప్పుడే ఎందుకు మాట్లాడుకోవాలి?

నది మట్టి తెస్తున్నంత కాలం మేటలు వాటంతట అవే పుడతాయి, గడ్డి తనంతట తానే వస్తుంది. కానీ నది తెచ్చే మట్టి తగ్గిపోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రచురించిన లెక్క ప్రకారం 1971–79 మధ్య గోదావరి ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 1990–98 నాటికి అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. ఎగువన ఆనకట్టలు, జలాశయాలు మట్టిని ఆపేయడమే ప్రధాన కారణమని వారు చెప్పారు. 1976 నుంచి 2001 వరకు డెల్టా తీరంలో కోతకు పోయిన నేలలోంచి కొత్తగా ఏర్పడింది తీసేస్తే, సుమారు 18 చదరపు కిలోమీటర్ల నేల నికరంగా పోయింది. ఆనకట్టల వల్లే మనకు సాగునీరు, రెండు పంటలు వచ్చాయి. కాబట్టి వాటిని తిట్టి లాభం లేదు. ఉన్న కొద్ది మట్టిని నిలుపుకోవడం ఎలా అన్నదే మన ముందున్న ప్రశ్న.

ఇది మనకు సంబంధం లేని విషయం అనుకోకండి. మన హాస్టల్లో చదివే చాలామంది లాగే మా అమ్మా నాన్నా వ్యవసాయ కూలీలు. మాకు సెంటు భూమి లేదు. చేలోకి ఉప్పునీరు ఎక్కితే భూమి ఉన్న రైతు పంట నష్టపోతాడు. ఆయనకు పాస్ పుస్తకం ఉంటుంది, అధికారులు వచ్చి నష్టం రాసుకుంటారు. ఆ చేలో ఊడ్పులకు, కలుపుకు, కోతలకు వెళ్లాల్సిన కూలీకి పోయిన పనిదినాలు ఏ కాగితం మీదా ఉండవు. చేను చెరువుగా మారితే ఆడవాళ్లకు ఊడ్పు పని అసలే ఉండదు. తీరం కరిగినా, ఉప్పు లోపలికి వచ్చినా మొదట దెబ్బ తగిలేది నేల లేనివాళ్లకు, వలవేసి బతికేవాళ్లకు.

1996 నవంబరు 6న వచ్చిన తుపాను మన తీరంలో వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి మత్స్యకార గ్రామాల్లో ఆ దుఃఖం ఇంకా ఉంది. గడ్డి తుపానును ఆపుతుందని నేను చెప్పను. అలా ఎవరు చెప్పినా నమ్మకండి. హెచ్చరిక సమయానికి అందడం, గట్టి భవనం, రోడ్డు ఉండడం వల్లే ప్రాణాలు నిలుస్తాయి. గడ్డి చేసేది రోజువారీ పని. అల తరవాత అల తీసుకుపోయే మట్టిని పట్టి ఉంచుతుంది, మడ అడవి లేవడానికి చోటు చేస్తుంది.

ఎలా పెంచాలి?

మడ వరిని పెంచడం ఊడ్పు తెలిసినవారికి కష్టం కాదు. అయితే చేలో మనం నీటిని మన చెప్పుచేతల్లో పెట్టుకుంటాం. ఇక్కడ నీరు చెప్పినట్టు మనం వినాలి. క్రమం ఇలా ఉంటుంది.

1. చోటు ఎంపిక. ఇది అన్నిటికంటే ముఖ్యం. పోటు నీరు రోజూ వచ్చి పోయే చోటు కావాలి. నీరు రాని ఎత్తు మీద గడ్డి ఎండిపోతుంది. నీరు వచ్చి బయటికి పోలేక నిలిచిపోయే పల్లంలో ఉప్పు గడ్డకట్టి చచ్చిపోతుంది. నేరుగా పెద్ద అల కొట్టే చోట నాటినదంతా లేచిపోతుంది. పాయల లోపలి వంపుల్లో, మట్టి దిగుతున్న మేటలు అనువైనవి. పక్కనే ఎక్కడో ఆ గడ్డి సహజంగా ఉంటే ఆ చోటు సరైనదని అర్థం.

2. నీటి దారి. కొన్ని చోట్ల మడ చెట్లు పూర్వం నరికేయడం వల్ల నేల ఎండకు ఎండి కుంగి, తాంబాళంలా పల్లమైపోయింది. పోటు నీరు అందులో నిలిచి, ఆవిరై, ఉప్పు మిగులుతుంది. అక్కడ ఏది నాటినా దండగే. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ అటవీశాఖతోనూ ఊళ్లవారితోనూ కలిసి 1990ల చివరి నుంచి గోదావరి మడ అడవుల్లో దీనికి ఒక ఉపాయం అమలు చేసింది. మధ్యలో ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు తవ్వారు. పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. నీరు వచ్చి పోవడం మొదలయ్యాక ఉప్పు తగ్గింది, మడ మొక్కలు బతికాయి. మన పొలాల్లో బోదెలు తీసినట్టే అది. గడ్డికైనా చెట్టుకైనా ముందు నీటి దారి చూడాలన్నది దీనిలోని పాఠం.

3. నారు. గింజలతో పని జరగదని చెప్పుకున్నాం కదా. బాగా కమ్ముకున్న గడ్డి నుంచి కొమ్ముతో సహా పిలకలు తీయాలి. ఒకే చోట గంపెడు తవ్వకూడదు. అక్కడక్కడ గుప్పెడు చొప్పున తీస్తే, ఆ ఖాళీని చుట్టుపక్కల కొమ్ములు మళ్లీ పూడ్చేస్తాయి. తీసినవాటిని ఎండ తగలకుండా తడి గోనె కింద ఉంచి, తొందరగా నాటాలి.

4. కాలం. వరద నీరు కలిసి, పాయల్లో ఉప్పు తగ్గిన రోజులు వేరు పట్టడానికి అనుకూలం. అయితే ఉధృతంగా ప్రవాహం ఉన్నప్పుడు నాటితే కొట్టుకుపోతుంది. వరద తీశాక నాటడం మేలు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు పెద్దది. వాటికి మధ్యన అష్టమి ప్రాంతాల్లో పోటు చిన్నది. చిన్న పోటు రోజుల్లో నాటితే నారుకు కొంత ఊపిరి దొరుకుతుంది. ఈ లెక్క మన మత్స్యకారులకు వేళ్ల మీద ఉంటుంది.

5. నాటడం. పాటు తీసి మేట బయటపడగానే మొదలుపెట్టి, మళ్లీ నీరు వచ్చేలోగా ముగించాలి. కొమ్ము బురదలో పూర్తిగా దిగాలి, పిలక కొస పైకి ఉండాలి. దగ్గరగా నాటితే త్వరగా కమ్ముకుంటుంది. నారు తక్కువ ఉంటే చిన్న చిన్న గుంపులుగా నాటడం మంచిది. విడివిడిగా ఉన్న ఒంటి మొక్క కంటే గుంపు అలను బాగా తట్టుకుంటుంది.

6. కాపలా. మొదటి కొన్ని నెలలు పశువులు, గేదెలు దిగకుండా చూడాలి. పడవలు ఆ మేట మీదికి ఎక్కకుండా గుర్తుగా కర్రలు పాతాలి. పోయిన చోట మళ్లీ నాటాలి. ఎరువు అక్కర్లేదు, మందు అక్కర్లేదు, నీరు పెట్టక్కర్లేదు.

ఈ పద్ధతి పనిచేస్తుందా అంటే, పశ్చిమ బెంగాల్ సుందరవనాల్లో చేసి చూశారు. అక్కడ చెట్లు పోయి, ఉప్పు పేరుకున్న మడ నేలలో నేరుగా మడ మొక్కలు నాటకుండా ముందు స్థానిక గడ్డి జాతులు నాలుగు నాటారు. వాటిలో మొదటిది మన మడ వరి, రెండోది మన దబ్బ గడ్డి. ఆ గడ్డి నేలను బాగుచేసిందని, నేలలో పోషకాలు పెరిగాయని 2017లో ఆ పరిశోధకులు ప్రచురించారు. ఆ నాలుగింటిలో రెండు మన గుమ్మం ముందే ఉన్నాయి కాబట్టి ఈ అనుభవం మనకు పనికొస్తుంది.

ఎక్కడ పెంచకూడదు?

మంచి పని కదా అని ప్రతి మేట మీదా గడ్డి నాటకూడదు. శీతాకాలంలో సైబీరియా వైపు నుంచి వేల మైళ్లు ఎగిరివచ్చే ఉల్లంకి జాతి పక్షులు కాకినాడ అఖాతం బురద మేటల మీదే మేత మేస్తాయి. వాటికి ఒట్టి బురద కావాలి. బురదలోని పురుగులు, చిన్న గుల్లలు వాటి తిండి. ఆ మేటను గడ్డితో కప్పేస్తే వాటి కంచం లాగేసుకున్నట్టే. గుల్లలు ఏరుకుని బతికే ఆడవాళ్లకూ అదే నష్టం. పడవలు నడిచే కాలువలో, వలలు వేసే చోట నాటడం కూడా తప్పే. అందువల్ల ఆ చోటును ఎవరు వాడుకుంటున్నారో ముందు అడిగి తెలుసుకోవాలి.

అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేకుండా ఒక పరక తీయడం కూడా వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం నేరం. ఎన్.ఎస్.ఎస్. తరఫున అయినా సరే, అనుమతి తీసుకునే వెళ్లాలి.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. త్వరగా పెరుగుతుందని బయటి దేశపు గడ్డి తేకూడదు. చైనావాళ్లు 1979లో తీరం కోత ఆపడానికి అమెరికా నుంచి స్పార్టినా అనే గడ్డి తెచ్చారు. అది మేటలన్నీ ఆక్రమించి, స్థానిక మొక్కలను, పక్షుల మేతను మింగేసింది. చివరికి దాన్ని పీకేయడానికి 2022లో దేశవ్యాప్త కార్యక్రమం పెట్టాల్సి వచ్చింది. మన కాలువల్లో గుర్రపుడెక్క, మన బంజర్లలో సర్కారు తుమ్మ ఎలా వచ్చి కూర్చున్నాయో చూస్తున్నాం. కాబట్టి మన చోటుకు మన గడ్డే కావాలి. అదీ దగ్గరలోని పాయ నుంచి తెచ్చిందే అయితే ఇంకా మంచిది.

అన్నం గిన్నెతో సంబంధం

ఉప్పునీటిలో బతికే వరి చుట్టం ఉందంటే, ఆ గుణం మన వరికి తేలేమా అని మీకు అనుమానం రావాలి. శాస్త్రవేత్తలకూ వచ్చింది. కాని సంకరం చేయడం చాలా కష్టం. మన వరిలో క్రోమోజోములు 24, మడ వరిలో 48. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో 34,000 సంకరాలు చేస్తే మూడు పిండాలు దక్కాయి. ఆ మూడింటిలో ఒక్కటే పెరగడం మొదలుపెట్టింది. ఈ సంగతి 2013లో ఆ సంస్థ ప్రకటించింది. దానికి ముందే, 2004లో కోల్‌కతాలోని బోస్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు మడ వరిలో ఉప్పును తట్టుకోవడానికి తోడ్పడే ఒక జన్యువును గుర్తించి వివరించారు. పని ఇంకా సాగుతోంది.

మన మార్టేరు పరిశోధనా కేంద్రం ఇచ్చిన స్వర్ణ వరి, అంటే ఎం.టి.యు. 7029, దేశంలో ఎన్ని కోట్ల మంది కడుపు నింపిందో మనకు తెలుసు. రేపు ఉప్పు నేలకు ఒక మంచి వంగడం రావాలంటే దానికి కావలసిన గుణం ఎక్కడో ప్రయోగశాలలో పుట్టదు. మేట మీద ఉన్న ఈ గడ్డిలోనే ఉంది. గింజ దాచిపెడితే మొలవదు కాబట్టి ఈ మొక్కను దాని చోటులో బతికించుకోవడమే అసలైన విత్తన నిధి. మేట పోతే గడ్డి పోతుంది, గడ్డితో పాటు ఆ గుణమూ పోతుంది.

మనం చేయగలిగింది

2023లో కేంద్ర ప్రభుత్వం మిష్టి అనే మడ అడవుల పథకం ప్రారంభించింది. అయిదేళ్లలో సుమారు 540 చదరపు కిలోమీటర్ల మడ అడవి పెంచాలన్నది లక్ష్యం. ఇలాంటి పథకాలు వచ్చినప్పుడు ఎన్ని లక్షల మొక్కలు నాటారన్న లెక్కే పేపర్లో వస్తుంది. ఎన్ని బతికాయి, చెట్టుకు ముందు గడ్డి అవసరమైన చోట గడ్డి నాటారా, ఆ పని కూలీ ఆ ఊరి ఆడవాళ్లకే అందిందా అని అడిగేవాళ్లు కావాలి. ఊడ్పు చేతులకు ఈ పని వెంటనే వస్తుంది. చేలో పోయిన పనిదినాల్లో కొన్నయినా మేట మీద దొరికితే మంచిదే కదా.

తమ్ముళ్లకు నేను చెప్పేది మూడు మాటలు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ ఊరి కాలువ గట్టు మీద, ఉప్పుటేరు పక్కన ఏయే గడ్డి ఉందో చూసి, దాని పేరు, వాడకం మీ అవ్వాతాతలను అడిగి నోటుబుక్కులో రాసుకోండి. ఆ పేర్లు పుస్తకాల్లో లేవు, వాళ్లతోనే పోతాయి. వార్డెన్ గారి అనుమతితో ఒకసారి కోరింగ వెళ్లి, మడ అడవిలో వేసిన చెక్క బాట మీద నడిచి, పాటు వేళ మేటలు చూడండి. ఇంటర్లో బోటనీ అంటే మార్కుల కోసం బట్టీ పట్టేది అనుకోకండి. మన అమ్మలు రోజూ చేసే పనిలోనే సగం బోటనీ ఉంది.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదటివాణ్ణి. మీలో చాలామంది కూడా మీ ఇంట్లో మొదటివాళ్లే. మొదట వచ్చినవాడికి కింద నేల మెత్తగానే ఉంటుంది, నిలబడడం కష్టమే. కానీ మనం నిలబడితే వెనక వచ్చే తమ్ముడికీ చెల్లికీ కాలు పెట్టే చోటు దొరుకుతుంది. అందరూ బాగా చదవాలని, చదివింది మన నేలకు పనికిరావాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.